పతనాభ్యాసము: 'సెలెస్ట్' క్రీడయందు కావ్యహేతు విచారము

కావ్యము పుట్టుటకు కారణమేది యను ప్రశ్నకు మన ఆలంకారికులు ప్రధానముగా మూడు పేర్లు చెప్పిరి: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము. వీనిలో మొదటి రెండింటిని గూర్చి జరిగినంత చర్చ మూడవదానిని గూర్చి జరుగలేదు. ప్రతిభకు లక్షణములు చెప్పినవారు కలరు. వ్యుత్పత్తికి విద్యాస్థానముల పట్టికల నిచ్చినవారు కలరు. అభ్యాసమును మాత్రము 'మరల మరల చేయుట' అని యొక్కమాటలో ముగించి ముందునకు సాగినవారే యెక్కువ. మరల మరల చేయుటవలన మేలు కలుగు విధమెట్టిది? అది యందఱికిని కలుగునా? ఇరువది యేండ్లు పద్యములు వ్రాసియు తమ మొదటి పద్యమును దాటి రాలేనివారు మనమధ్య లేరా? చేయుట యొక్కటే చాలినచో వారెందుకు నిలిచిపోయిరి?

ఈ ప్రశ్నలను పరీక్షించుటకై నేనీ వ్యాసమున నొక విచిత్రమైన లక్ష్యమును గైకొనుచున్నాను. అది కావ్యము కాదు. 2018 జనవరి 25వ తేదీన వెలువడిన 'సెలెస్ట్' అను వీడియో క్రీడ. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అను నిరువురు దీనికి ప్రధాన నిర్మాతలు. సంగీతము కూర్చినది లీనా రెయిన్. ఆ సంవత్సరము డిసెంబరులో 'ది గేమ్ అవార్డ్స్' సభయందు ఉత్తమ స్వతంత్ర క్రీడగా బహుమతి పొందినది. మిక్కిలి కఠినమైన గంతుల క్రీడలలో నొకటిగా దీనికి ప్రసిద్ధి కలదు.

ఇట్టి వస్తువును తెలుగుశాఖ పత్రికలో చర్చకు దెచ్చుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని అభ్యాసమును పరిశీలింపగోరువానికి కావ్యములు చాలినంత సాయపడవు. కవి తాను కొట్టివేసిన పాదములను గ్రంథమున నిలుపడు. ప్రొద్దుటూరి జంటకవులు దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకట శేషశాస్త్రి గార్ల అవధానములను మెచ్చిన సభలు పూరించిన పద్యమును చూచినవి. ఇంటిలో తప్పిన పూరణమును చూడలేదు. ఫలము నిలుచును, అభ్యాసము మాయమగును. ఈ క్రీడయందో, అభ్యాసమే కంటికి కనబడు వస్తువు. ప్రతి పతనమును లెక్కింపబడును. ఆ లెక్క ఆడువాని యెదుట నుంచబడును. కావున నిది అభ్యాసమునకు ప్రయోగశాల వంటిది.

ఓర్వకల్లులో ఆరంభము

కర్నూలునుండి నంద్యాలకు పోవు రహదారిపై ఓర్వకల్లు కలదు. ఊరిచెంత నున్న రాతివనములను చూచినవారు వాని నెఱుగుదురు: స్ఫటికశిలలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచి, నడుమ నీటిమడుగులతో చూపఱుల నాకర్షించును. 2021 మార్చిలో అచటనే విమానాశ్రయము ప్రారంభమై ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు వహించినది. మా అక్కగారి యిల్లు ఆ ఊరిలోనే. దసరా సెలవులకు పోయినప్పుడు, ఇంటరు చదువుచున్న మేనల్లుడు ఈ క్రీడ నాడుచుండగా మొదట చూచితిని. వానితోడి మాటపట్టింపున నేనును చేతబట్టితిని. మొదటిరాత్రి ఒక్క తెఱను దాటుటకు ముప్పదియేడు మారులు పడితిని. నాల్గుమాసముల తరువాత శిఖరమును చేరునప్పటికి నా పతనముల మొత్తము 4,612. పిమ్మట మొదటి యధ్యాయమును మరల నాడితిని. తొలిసారి అందు 214 పతనములు, ఈసారి 11. క్రీడ మాఱలేదు, పర్వతము మాఱలేదు, నా వయస్సైన తగ్గలేదు. మాఱినది నేనే. ఏది యెట్లు మాఱినదో వివరింప బూనుటయే యీ వ్యాసము.

క్రీడాస్వరూపము

గంతుల క్రీడ యనగా నొక పాత్రను పరుగెత్తించి, దుమికించి, అంతరములపైనుండి ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు చేర్చునట్టిది. 1981లో వచ్చిన 'డాంకీ కాంగ్', 1985లో వచ్చిన 'సూపర్ మేరియో బ్రదర్స్' దీనికి పెద్దపేరు తెచ్చినవి; రెండింటి వెనుకను జపానుదేశపు నింటెండో సంస్థలోని షిగెరు మియమోతో ఉన్నాడు. 1990వ దశకమున మన పట్టణములలో టెలివిజనుకు తగిలించు యంత్రములద్వారా మేరియో మన పిల్లలకు పరిచితుడైనాడు.

'సెలెస్ట్' యందు మాడెలిన్ అను యువతి అదేపేరు గల పర్వతము నెక్కబూనును. ఆమె చేయగల పనులు నాలుగే: పరుగెత్తుట, దుముకుట, గోడను పట్టుకొని ప్రాకుట, గాలిలో నొక్కమారు ఏదేని యొక దిక్కునకు రివ్వున దూసికొనిపోవుట. దూకుడు వినియోగమైనంతనే ఆమె యెఱ్ఱని జుట్టు నీలవర్ణమగును. నేల తాకగానే మరల నెఱ్ఱనగును. పట్టుబలము తగ్గినచో దేహము మెఱసి హెచ్చరించును. ఇంతకుమించి ఆయుధములు లేవు, సంపాదింపదగిన ధనము లేదు. దారిలో అందుకొనదగిన 175 స్ట్రాబెరీ పండ్లు కలవు. అవి శక్తి నీయవు, ఆడువాని తృప్తికి మాత్రమే. పర్వతమంతయు చిన్నచిన్న తెఱలుగా విభజింపబడినది. ముండ్లు తగిలినను, అగాధమున పడినను, పాత్ర నశించి ఱెప్పపాటులో ఆ తెఱ మొదటనే మరల లేచును. వెనుకటి తెఱలు పోవు. ఎన్నిమారులు పడినను దండన లేదు.

దీని మూలరూపమును 2015లో ఆ నిర్మాతలే నాలుగుదినములలో 'పికో-8' అను చిన్న యంత్రకల్పనకై తయారుచేసిరి. ఆ చిఱుక్రీడ పెరిగి పెద్దదైనను కదలికల సూత్రము చెడలేదు. అల్పసామగ్రితో అనల్పప్రయోజనము సాధించుట మన పద్యకవులకు క్రొత్త కాదు. ఆటవెలది పాదములు నాలుగే కదా!

పూర్వుల మతములు

దండి కావ్యాదర్శమున సహజప్రతిభను, నిర్మలమైన శ్రుతమును, మందముకాని అభియోగమును కావ్యసంపదకు కారణములుగా జెప్పి, వెంటనే మఱియొక మాట చేర్చినాడు: జన్మసిద్ధమైన ప్రతిభ లేకున్నను, శ్రుతముచేతను యత్నముచేతను సేవింపబడిన వాగ్దేవి కొంత యనుగ్రహము చూపకపోదని. ఉపాధ్యాయులకు దండి ప్రియుడగుటకు ఈ యొక్కమాట చాలును. మమ్మటుడు శక్తిని, నిపుణతను, కావ్యజ్ఞుల శిక్షతో గూడిన అభ్యాసమును జెప్పి, ఈ మూడును కలసి యొకే హేతువనియు, మూడు హేతువులు కావనియు స్పష్టము చేసినాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు సమాధి లోపలి ప్రయత్నమనియు, అభ్యాసము వెలుపలి ప్రయత్నమనియు, ఈ రెండును శక్తిని ప్రకాశింపజేయుననియు నిర్ణయించినాడు. ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు ప్రతిభ యొక్కటియే కారణమని పట్టుపట్టినను, ఆ ప్రతిభ కొందఱియందు అదృష్టమువలనను, కొందఱియందు వ్యుత్పత్త్యభ్యాసములవలనను పుట్టునని యంగీకరించెను. అనగా అభ్యాసమును ముంగిటిలోనుండి పంపివేసినట్లు కనబడి, పెరటిత్రోవను లోనికి రప్పించినాడు.

ఈ మతములలో మనము గుర్తింపదగినది మమ్మటుని విశేషణము. ఆయన యుత్త అభ్యాసమును జెప్పలేదు. శిక్షతో గూడిన అభ్యాసమును జెప్పినాడు. మన రాయలసీమ నేలపై పెరిగిన ప్రతి బాలుడును వేమన వేపాకు దృష్టాంతమును వల్లించినవాడే. ఆ పద్యమున పాట, చేదు, పని అను మూడును ఒక్కతాట గట్టబడినవి. కాని యవి మూడును ఒక్కజాతివి యగునా? చేదు తీపియగుట నాలుక అలవాటుపడుటవలన, దానికి దిద్దువాడక్కఱలేదు. పాట యట్లు కాదు. తప్పుస్వరమును వేయిమారులు పాడినవానికి తప్పే స్థిరపడును. ఓర్పు అలవాటువలన గలుగును; నేర్పు దిద్దుబాటువలన గలుగును. వేమన పద్యము ఓర్పును బోధించుటకు ఉత్తమోదాహరణము; నేర్పునకు దానినే ప్రమాణముగా జూపుట మనము చేసిన పొరపాటు, వేమనది కాదు.

మూడు విధముల పతనములు

మొదటి పక్షమున నేను చేసినది ఈ పొరపాటే. ముప్పదియేడుమారులును ఒక్కరీతిగా దుమికి ఒక్కచోటనే పడితిని. ఆ యధ్యాయమున దీపస్తంభము గల రాతిదిమ్మెలు కొన్ని కలవు. వానిపై కాలిడగానే అవి ఒక పట్టాలవెంట వడిగా జరిగి ఆగిపోవును. ఆగిన తరువాత దుమికితిని, చాలలేదు. ప్రక్కన గూర్చున్న మేనల్లుడు, "నువ్వు నీ చెయ్యి జూసుకుంటాండావు మామా, రాయిని జూడు. అది ఆగేదాకా నిలబడొద్దు, పోతాండంగనే దుంకు" అనినాడు. చూచితిని. దిమ్మె కదలుచుండగా దుమికినచో దాని వేగము మన గంతునకు కలిసివచ్చునని తెలిసినది. ముప్పదియేడు పతనములు నేర్పనిది ఒక్కచూపు నేర్పినది.

అయినను వెంటనే దాటితినా? లేదు. చేయవలసినది తెలిసియు వ్రేళ్లు వినలేదు. మఱి పండ్రెండుమారులు పడితిని. ఈ పండ్రెండును వెనుకటి ముప్పదియేడువంటివి కావు. ఒకమారు ముందుగాను, ఒకమారు ఆలసించియు దుమికితిని. పోనుపోను తేడా తగ్గినది. పదుమూడవమారు దాటి, ఆనందమున, ఏ యాపదయు లేని తరువాతి యంచునుండి తిన్నగా నడచి అగాధమున పడితిని. మేనల్లుడు నవ్వినాడు. అది తెలియక పడుట కాదు, చేతగాక పడుటయు కాదు. మనస్సు ముందే గట్టు చేరుటవలన పడుట.

కావున పతనములు మూడు విధములని నా ప్రతిపాదన. మొదటిది తెలియమివలన, అనగా వ్యుత్పత్తిలోపమువలన గలుగునది. రెండవది చేతగామివలన, అనగా అభ్యాసలోపమువలన గలుగునది. మూడవది నిలుకడలేమివలన, అనగా రాజశేఖరుడు చెప్పిన సమాధి తప్పుటవలన గలుగునది. మూడింటికిని బాహ్యరూప మొక్కటే: పాత్ర ముండ్లపై పడును. చికిత్సలు మాత్రము వేఱు. మొదటిదానికి ఆగి చూచుట మందు. అట మరల చేయుట వ్యర్థశ్రమ. రెండవదానికి మరల చేయుటయే మందు. అట నిలిచి యాలోచించుట కాలహరణము. మూడవదానికి విశ్రాంతి మందు. అట మరల చేసినకొలది కసి పెరిగి పతనములు హెచ్చును. ఏ పతనమునకేది మందో యెఱిగి చేయు ఆవృత్తియే అభ్యాసము. ఎఱుగక చేయునది వట్టి ఆవృత్తి. ఇరువదియేండ్లు వ్రాసియు నిలిచిపోయిన పద్యకర్త ఈ వివేకము లేనివాడేగాని, శ్రమపడనివాడు కాడు.

ప్రతిభ మాట యేమందురా? కొన్ని తెఱలయందు, ఎవ్వరును చూపని దారి యొకటి హఠాత్తుగా మెఱసినట్లు తోచును. అది ప్రతిభవంటిదే. కాని అట్టి మెఱుపు నాకు మొదటి యధ్యాయమున నొక్కమారును తోచలేదు. అయిదవ యధ్యాయము తరువాతనే తోచినది. ఎన్ని కదలికలు చేతికి వశమైనవో, అన్ని దారులే కంటికి కనబడును. జగన్నాథుని పెరటిత్రోవ ఇదియే యని నాకు నమ్మకము కుదిరినది.

వైకుంఠపాళి, తొక్కుడుబిళ్ల

ఎక్కుట, పడుట అనువాని నాటగా జేసికొనుట మనవారికిని తెలిసినదే. వైకుంఠపాళిలో, అనగా పరమపదసోపానపటమున, నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు. పందెము పడినట్లు పావు పోవును. పై వరుసలోని పెద్దపాము నోటబడి క్రిందికి జాఱినవాడు తన తప్పేమని యడిగినచో పటమునొద్ద సమాధానము లేదు. పదిమారులు పడినవాడు పదునొకండవమారు ఆడుటయందు మొదటిమారుకంటె నేర్పరి కాజాలడు. ఆ పటము కర్మవిపాకమును బోధించును గాని అభ్యాసమును బోధింపదు. దాని ధర్మము వేఱు. దానిని నిందింప బనిలేదు.

తొక్కుడుబిళ్ల యట్లు కాదు. గీత తొక్కినచో పందెము పోవును. గీత యెందుకు తొక్కబడినదో కాలికి తెలియును. మరుసటి వంతు వచ్చినప్పుడు కాలు తన్ను తాను దిద్దుకొనును. మన వీథులలోని ఆడుబిడ్డలు బొగ్గుతో గీసికొన్న గళ్లే మన తొలి గంతుల క్రీడ యనిన అతిశయోక్తి కాదు. దానికిని 'సెలెస్ట్'నకును గల ప్రధానభేద మొక్కటి: తొక్కుడుబిళ్లలో పడినవాడు తన వంతు వచ్చువఱకు నిలువవలెను, ఇట వేచియుండుట లేదు. తప్పునకును దిద్దుబాటునకును నడుమ కాలము చొరబడకుండుటయే ఈ క్రీడయొక్క ప్రధానశిల్పము. అరనిమిషములో మూడుమారులు పడి మూడుమారులు దిద్దుకొనవచ్చును. తప్పుయొక్క జాడ వ్రేళ్లలో చల్లాఱకమునుపే మరల ప్రయత్నము.

మఱియొక రహస్యము కలదు. పైకి కఠినమైన యీ క్రీడ లోలోపల కనికరము గలది. అంచుదాటి పాదము గాలిలోనికి పోయిన తరువాత గూడ కొన్ని లిప్తలవఱకు గంతును క్రీడ యంగీకరించును. నేలతాకుటకు కొంచెము ముందుగా మీట నొక్కినను దానిని జ్ఞప్తియందుంచుకొని తాకగానే దుమికించును. నిర్మాతలే యీ సంగతిని బహిరంగముగా వివరించిరి. ఆడువానికిది కనబడదు, తానే సరిగా దుమికితినని సంతసించును. పైకి కఠినుడై లోపల సడలింపు చూపు గురువును మనలో ననేకు లెఱుగుదురు. పైకి మృదువుగా మాటలాడుచు మార్కులయందు కసి దీర్చుకొనువారినిగూడ నెఱుగుదురు.

కథకును కదలికకును గల సంబంధము

ఇంతవఱకు చెప్పినది శిల్పమును గూర్చి. కథ దీనికి వెలుపలిది కాదు. మాడెలిన్ మనోవ్యాకులతచే బాధపడునది. రెండవ యధ్యాయమున అద్దమునుండి ఆమెయొక్క మఱియొక భాగము రూపుదాల్చి వెలువడి, నీవెక్కలేవని వెంబడించును. నాల్గవ యధ్యాయమున తీగబండి నడుమ నిలిచిపోగా మాడెలిన్ బెదరిపోవును; తోడివాడు థియో ఒక యీకను భావించి, దానిని ఊపిరితో గాలిలో నిలుపుమని చెప్పును. ఆడువాడు మీటను మెల్లగా నొక్కుచు విడచుచు ఆ యీకను నిలుపవలెను. ఇది సమాధికి చక్కని యభినయము. కాని ఆఱవ యధ్యాయమున ఆ లోని భాగము ఆ యీకనే ఛేదించి, ఆమెను పర్వతపాదమునకు త్రోసివేయును. అణచిపెట్టు ఉపాయముగా వాడబడిన ప్రశాంతి నిలువలేదు. తుదకు ఆమె ఆ భాగమును వెంబడించి, పోరాడుటకు గాక మాటలాడుటకు పట్టుకొని, దాని భయమును విని, దానితో కలసిపోవును. కలసినంతనే గాలిలో రెండుమారులు దూసికొనిపోవు శక్తి కలుగును. ఏడవ యధ్యాయమున, అడుగునుండి 3000 మీటరుల శిఖరమువఱకు, వెనుక దాటిన ప్రదేశముల ఛాయలనే మరల దాటుచు ఆమె యెక్కును.

ఇట కథ చెప్పినదానిని చేయి యనుభవించును. కావ్యమున నాయకుని యుత్సాహమును సహృదయుడు భావించును. ఈ క్రీడయందు ఉత్సాహము చల్లాఱినచో కథయే ముందునకు సాగదు. ఆడువాడు నటుడును సామాజికుడును దానే యగును. అందువలన వీరరసమునకు స్థాయియైన ఉత్సాహము ఇట వర్ణ్యవస్తువు గాక నిర్వాహకశక్తి యైనది. ఐనను దోష మొకటి చెప్పక తప్పదు. సంభాషణలు కొన్నిచోట్ల, చేయి యప్పటికే గ్రహించిన నీతిని నోటితో మరల జెప్పును. ధ్వనిచేత తెలిసినదానిని వాచ్యము చేయుట మన విమర్శకు లొప్పుకొనని దోషము. ఈ క్రీడకును అది దోషమే.

రెండు ఆక్షేపములు

పతనమునకు వెలయే లేనిచోట నేర్చినదానికి విలువ యేమి? ఇది మొదటి యాక్షేపము. దీనికి క్రీడయే సమాధాన మేర్పఱచినది. బంగారు పండ్లని కొన్ని కలవు. వానిని అధ్యాయము మొదటనే చేతబట్టి తుదివఱకు ఒక్కమారైన పడక మోసికొనిపోవలెను. పడినచో మరల మొదటికి రావలెను. ఇది అవధానసభ వంటిది. కాని అది కోరినవానికే, నేర్చిన తరువాతనే. నేర్చుకాలమును పరీక్షాకాలమును వేఱుచేయుట ఇందలి వివేకము. అట్లే ఎక్కలేనివారికొఱకు సహాయమార్గము నొకదానిని తెఱచియుంచిరి; వేగము తగ్గించుకొనుట, పట్టుబలము తఱుగకుండ జేసికొనుట మున్నగునవి ఆడువాని యిచ్ఛ. వానిని వాడినవారిని క్రీడ నిందింపదు.

రెండవ యాక్షేపము మా బావగారిది. ఇది మొదటిదానికంటె బలమైనది. ఆయన మెట్టసేద్యము చేయువాడు. మా యాటను చూచి, "ఆటలో సచ్చినోడు మల్ల లేస్తాడబ్బా. చేన్లో విత్తనం సస్తే మల్ల వచ్చే ఏడే" అనినాడు. ఈ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. వానపై నాధారపడిన నేలయందు ఒక్క తప్పునకును దాని దిద్దుబాటునకును నడుమ ఒక సంవత్సరమును, ఒక అప్పుపత్రమును నిలుచును. నలువదియేండ్ల సేద్యమున నలువది ప్రయత్నములే. వెలలేని పతనము కలవానికే అభ్యాసము సులభము. పడినచో లేవలేనివాడు క్రొత్తదారి త్రొక్కజాలడు. అట్టివానిని చూచి పట్టుదల లేదనుట అన్యాయము. 'పడినను లేచి ప్రయత్నింపుము' అను నీతిని పలుకుటకు ముందు, పడుట కెంత వెల యని యడుగవలెను.

ఐనను ఆ యూరే నాకు సగము సమాధానము చూపినది. 1990వ దశకమున ఓర్వకల్లు మండలమున స్త్రీల పొదుపుసంఘములు బలపడి, పిమ్మట మండల సమాఖ్యగా పేరుపొందినవి. వాని సూత్రము నాకు తెలిసినంతలో సరళమైనది: చిన్న పొదుపు, చిన్న యప్పు. చిన్న యప్పుతో గేదెను కొనిన యువతికి నష్టము వచ్చినను అది చిన్ననష్టమే, మరల నిలువవచ్చును. పెద్ద పర్వతమును చిన్నతెఱలుగా విభజించి, ఒక్కొక్క పతనపు వెలను తగ్గించుట ఇదియే. వానను మనము మార్చలేము. పతనపు వెలను కొంత మార్చగలము.

ఉపాధ్యాయులకు మనవి

ఇక నాకు బాధకలిగించు విషయమునకు వచ్చుచున్నాను. కొన్నియేండ్లక్రిందట నా పర్యవేక్షణమున నొక విద్యార్థి పరిశోధన మారంభించెను. పల్లెనుండి వచ్చినవాడు, బుద్ధిమంతుడు. మొదటి రెండు ప్రకరణములను వ్రాసి నాకిచ్చెను. నేను వానిని ఎనిమిదిమాసములకు తిరిగి యిచ్చితిని. అంచులయందెల్ల ఎఱ్ఱసిరాతో గీతలు గీచితిని. ఆ గీతలలో ఏది తెలియమిని సూచించునో, ఏది చేతగామిని సూచించునో, ఏది తొందరపాటును సూచించునో చెప్పలేదు. అన్నియు నొక్క యెఱుపే. అతడు వానిని తీసికొని, తలవంచి, "సరే సార్" అని పోయి మరల రాలేదు. అతనికి పట్టుదల లేదని అప్పుడు నేను సహోద్యోగులతో నంటిని. ఇప్పుడా మాట నా నోటికి రాదు. ఎనిమిదిమాసములకు ఒక్కమారు పడనిచ్చు పర్వతము నెవ్వ డెక్కగలడు?

ఈ క్రీడనుండి మనము గ్రహింపదగినవి మూడు. పనిని చిన్నతెఱలుగా విభజింపవలెను. విద్యార్థి ప్రకరణము నంతటిని గాక నాలుగుపుటలను తీసికొనిరాదగును. దిద్దుబాటు తప్పు వెచ్చగా నుండగనే జరుగవలెను. నాలుగుపుటలను వారములోపల చదువుట యసాధ్యము కాదు. మూడవది ముఖ్యము: ప్రతి తప్పునకును దాని జాతిని జెప్పవలెను. తాళపత్రలిపి చదువుట రానివానితో ఇంకను శ్రద్ధగా చదువుమనుట నిరర్థకము; వానికి లిపి నేర్పవలెను. లిపి వచ్చియు తడబడువానికి మఱికొన్ని పత్రము లీయవలెను. రెండును వచ్చియు అలసటచే పొరబడువానిని ఇంటికి పంపవలెను. మమ్మటుడు చెప్పిన కావ్యజ్ఞశిక్ష యనగా నిదియే యని నా యభిప్రాయము. శిక్ష యను మాటకు మన వాడుకలో దండన మను నర్థమే మిగులుట మన విద్యాలయముల చరిత్రను కొంత చెప్పుచున్నది.

ఈ మూడింటిని నేనిప్పుడు పాటించుచున్నాను. ప్రతివారమును పాటింపగలుగుచున్నానని చెప్పజాలను. గత సంవత్సరము ఆ పూర్వవిద్యార్థికి జాబు వ్రాసితిని. అతడొక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాడు. పరిశోధనకు మరల వచ్చునో రాడో అతని యిష్టము. ఆ రెండు ప్రకరణముల ప్రతి మాత్రము నాయొద్ద నున్నది. దానిని మరల చదివి, ప్రతి యెఱ్ఱగీత ప్రక్కను దాని కారణమును నల్లసిరాతో వ్రాసితిని. అట్లు వ్రాయుచుండగా, గీతలలో కొన్ని యతని తప్పులు కావనియు నా తప్పులనియు తేలినవి. వానిని కొట్టివేసి, ప్రతి నతనికి పంపితిని.